రేవు పట్టు

అక్టోబర్ 19, శనివారం

చెయ్యి వదలనన్నాడు. పాలకొల్లు ఫైనల్ రోజు పొద్దున, బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తింటూ, నేను అడక్కుండానే అన్నాడు. "ఏం జరిగినా సరే, నీ చెయ్యి నేను వదల్ను బావా" అని. వేళ్లకంటిన చట్నీ కూడా కడుక్కోలేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. వాడికీ అంతే. ఇప్పుడిద్దరికీ అరవై ఎనిమిది. మాట మాత్రం ఆ హోటల్లోనే ఉండిపోయింది.

ఇవాళ గుర్తురావడానికి కారణం ఉంది. వాడి కొడుకు యుగంధర్‌ని టీవీలో చూపించారు. కబడ్డీ లీగు మొదలైంది. ముప్పై ఆరేళ్ల లెఫ్ట్ కార్నర్. ఇదే నా ఆఖరి సీజన్ అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. మైకు పట్టుకున్న అమ్మాయి కూడా తుడుచుకుంది. ముప్పై నాలుగేళ్లు లైబ్రరీలో కూర్చుని నేను చదివిన జీవిత చరిత్రల్లో, ఇలా ముందుగా టముకు వేయించుకుని తప్పుకున్న గొప్పవాడు ఒక్కడూ లేడు.

సూర్యకళ లేసు అల్లుకుంటూ, తలెత్తకుండా, "అబ్బాయి అచ్చం వీరబ్రహ్మంగారేనండీ" అంది.

"పోలికలొచ్చాయి. ఆట రాలేదు" అన్నాను.

"మరి పదకొండేళ్ల నుంచీ ఏం ఆడుతున్నాడో పాపం."

లేసు సూదికి చివర కొక్కెం ఉంటుంది. పెళ్లికి ముందు నుంచీ అది పట్టుకున్న మనిషి. ఆ కొక్కెం మాటల్లోకీ వచ్చేసింది.

అక్టోబర్ 20

ఇవాళ మ్యాచ్ చూడలేదు.

అక్టోబర్ 21

చూశాను. నాలుగు పట్లు పట్టాడు. అందులో ఒకటి రిఫరీ పెట్టిన భిక్ష.

అక్టోబర్ 27, ఆదివారం

కామెంటరీవాడు మళ్లీ "యుగంధర్ లాక్" అని అరిచాడు. నాలుగైదు సీజన్లుగా ఇదే అరుపు. స్కూలు పిల్లలు కూడా ఇసకలో ఆ పేరే పెట్టి ఆడుతున్నారట.

దాని పేరు రేవు పట్టు. పుట్టింది నరసాపురం రేవులో. పుట్టించింది నేను.

గోదావరి దాటించే పంటు ఒడ్డుకొచ్చేటప్పుడు రేవులో నిలబడి చూసినవాడికి ఇది చెప్పక్కర్లేదు. ఒకడు మెట్టు మీద కాలు తన్నిపెట్టి నిలబడతాడు. రెండోవాడు వాడి చెయ్యి పట్టుకుని, ఒళ్లంతా నీళ్ల మీదికి వంచి, ఖాళీగా ఉన్న చేత్తో పంటు తాడు అందుకుంటాడు. ఇంజను చప్పుడులో నోటిమాట వినబడదు. అందుకని వంగబోయేవాడు ముందు చెయ్యి నొక్కుతాడు. నిలబడ్డవాడు కాలు కుదిరాక తిరిగి నొక్కుతాడు. అప్పుడు వంగాలి. అది రేవు మర్యాద.

దాన్ని కబడ్డీ కోర్టులోకి తెచ్చింది నేను. కార్నర్‌వాడు ఒక చెయ్యి పక్కవాడికిచ్చి, రెండో చేత్తో కూతకొచ్చినవాడి చీలమండ అందుకుంటాడు. వాడు మధ్య గీత వైపు ఎంత ఈడ్చినా, పక్కవాడు పంటును లాగినట్టు వెనక్కి లాగుతాడు. మెట్టు మీద కూర్చుని పంటువాళ్లను చూస్తూ ఒకరోజు సాయంత్రం నాకు ఇది తట్టింది. పక్కన కూర్చుని వేరుశెనక్కాయలు తింటున్నవాడు వీరబ్రహ్మం. వాడికి ఏమీ తట్టలేదు. వేరుశెనక్కాయలు అయిపోయాయన్నది తప్ప.

ఆ తర్వాత కోర్టులో నా చెయ్యి పట్టుకున్న పక్కవాడు కూడా వాడే. మాకు చుట్టరికం లేదు. బావా అని పిలుచుకునేవాళ్లం, అంతే.

నవంబర్ 4, కార్తీక సోమవారం

అచ్చిబాబు వచ్చాడు. కేబుల్ టీవీ అతనిదే. ఊళ్లో కబడ్డీ సంఘానికి కార్యదర్శి కూడా అతనే. చెప్పులు గుమ్మం బయట వరసగా పెట్టి విడిచాడంటే ఏదో పని మీద వచ్చాడని అర్థం.

"మాస్టారూ, లీగు అయిపోగానే మన యుగంధర్‌గారికి హైస్కూల్ గ్రౌండులో సన్మానం పెట్టామండి. జనవరి మొదటి ఆదివారం. సన్మాన పత్రం మీరు రాసి, మీరే చదవాలండి."

"ఊళ్లో కవులు లేరా? వాళ్ల కవితలు నీ కేబుల్లో కింద పరిగెడుతూ ఉంటాయిగా."

"అయ్యబాబోయ్, వాళ్లు రాస్తే ఆయన సూర్యుడో చంద్రుడో అయిపోతాడండి. కబడ్డీ ఆడాడన్న ముక్క ఎక్కడా ఉండదండి. మీరైతే ఆటాడిన మనిషి. తెలుగొచ్చిన మనిషి. ఆయ్."

"వాళ్ల నాన్న వస్తున్నాడా?"

"వీరబ్రహ్మంగారు రాకుండా ఎలాగండి? సొంతూరు కదండీ. రాజమండ్రికి కారు పంపుతున్నాం. స్టేజీ మీద మీ పక్క కుర్చీయేనండి."

ఆలోచించి చెబుతానన్నాను. సూర్యకళ ఉపవాసంలో ఉండి కూడా అతనికి కాఫీ ఇచ్చి, "ఆయన రాస్తార్లే అచ్చిబాబూ. బతిమాలించుకోవడం అయ్యాక రాస్తారు" అంది.

నవంబర్ 5

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో ఇంట్లో చెప్పలేదు.

నవంబర్ 10, ఆదివారం

పత్రం కోసం వాడి చరిత్ర రాసి పెట్టుకుంటున్నాను. ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. అంతా నాకు తెలుసు. మొదటి సీజన్ మొత్తం బెంచీ మీద తువ్వాళ్లు అందించడం. రెండో ఏడు ఎవడికో వేలు విరిగితే కార్నర్‌లోకి దిగడం. తర్వాత కెప్టెన్సీ. భుజానికి ఆపరేషన్. ఆపరేషన్ అయిన ఏడాది వేలంలో ఎవరూ కొనకపోవడం. మరుసటి ఏడాది వేరే టీము చవగ్గా తీసుకుంటే, ఆ సీజన్లో అందరికంటే ఎక్కువ పట్లు పట్టడం.

"ఎవరూ కొనని ఏడాది మీరు తాపేశ్వరం కాజాలు తెచ్చారు" అంది సూర్యకళ, నా భుజం మీంచి చదువుతూ.

"అవి ఎదురింటి పాప పరీక్ష పాసైందని."

"ఆ పాప ఆ ఏడు తప్పిందండీ. మీరు కాజా ఇస్తే ఏడ్చింది కూడా."

ఆడవాళ్లకు కొన్ని విషయాలు అక్కర్లేనంత బాగా గుర్తుంటాయి.

నవంబర్ 17, ఆదివారం

పాలకొల్లు సంగతి పత్రంలో ఎంతవరకు రాయాలో తేలడం లేదు. ముందు ఇక్కడ రాసుకుంటాను.

ఫైనల్‌కి రైల్వేవాళ్లు వచ్చారు. ఇద్దరు మనుషులు, టోపీలు, ముందు వరసలో. ఉద్యోగమిచ్చి తీసుకోవడానికి డిఫెన్సులో ఒక్కడు కావాలన్నారట. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. తెలిసే ఇడ్లీ తిన్నాం.

మధ్యాహ్నం ఎండ. అంతకుముందు కోర్టు మీద నీళ్లు చల్లారు, అక్కడక్కడా జారుతోంది. ఆట చివరికొచ్చేసింది. మేము ఒక పాయింటు వెనక. కూతకొచ్చినవాడు భీమవరం టీములో దున్నపోతులాంటివాడు. బోనస్ గీత మీదికి కాలు చాపాడు. తెల్లటి చీలమండ. అంత దగ్గరగా, అంత తేలిగ్గా ఇంకెప్పుడూ దొరకలేదు నాకు.

నొక్కాను. వంగాను. అందుకున్నాను. చీలమండ నా చేతిలో ఉంది. వెనక చెయ్యి ఖాళీ అయిపోయింది.

భీమవరంవాడు నన్ను మధ్య గీత దాకా ఈడ్చుకుపోయాడు. మోకాలు ఒక పక్కకీ నేను ఒక పక్కకీ తిరిగాం. ఆ చప్పుడు నాకు వినబడింది. తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకెళ్లారు. వీరబ్రహ్మం ఆ చెక్క పక్కన పరిగెడుతూ ఏదో చెబుతున్నాడు. నేను వినలేదు.

నెల తిరక్కుండా రైల్వే నుంచి వాడికి పిలుపొచ్చింది. నాకు ఏడాది తర్వాత లైబ్రరీలో స్టూలొచ్చింది, కాలు చాపుకోవడానికి.

ఈ పట్టును వాడు కొడుక్కి నేర్పాడు. కొడుకు దానికి తన పేరు పెట్టుకున్నాడు. ఇదే పత్రంలో రాస్తాను. స్టేజీ మీద వాళ్లిద్దర్నీ కూర్చోబెట్టి, ఊరంతా వింటుండగా చదువుతాను. సన్మాన పత్రం చదువుతుంటే మధ్యలో లేచి కాదనే అలవాటు మనవాళ్లకు లేదు.

నవంబర్ 23

ఇవాళ యుగంధర్‌ని ఇరవై ఒక్క ఏళ్ల హర్యానా కుర్రాడు మధ్య గీత దాకా ఈడ్చుకుపోయాడు. అచ్చం అలాగే. పక్కన ఎవడో కొత్తవాడు, చెయ్యి పట్టుకోవడం సరిగ్గా తెలియనివాడు.

నాకు సంతోషంగానే ఉంది. భోజనం మాత్రం సయించలేదు.

సూర్యకళ అంటుంది, ఆ క్షణంలో నేను కుర్చీలోంచి లేచి "ఆగరా, వాడింకా నొక్కలేదు!" అని వీధిలోకి వినబడేలా అరిచానట. నేనలా అరవలేదు. అరిస్తే నాకు తెలియదా?

వాడు లేచి కుంటకుండా నడిచాడు. మోకాలికి ఏమీ కాలేదు.

డిసెంబర్ 1, ఆదివారం

వీరబ్రహ్మం ఫోన్ చేశాడు. ఏడాదికోసారి చేస్తాడు, నేను ఎత్తను. ఇవాళ సూర్యకళ ఎత్తి నా చెవికి పెట్టేసింది.

"బావా, పత్రం నువ్వే రాస్తున్నావంట కదా. అచ్చిబాబు చెప్పగానే నాకు నిద్రపట్టలేదురా, సంతోషంతో."

"ఊరివాళ్లు అడిగారు."

"నా గురించి ఎక్కువ రాయకు. నేనేం ఆడాను? రైల్వేకి నాలుగేళ్లు ఆడి తర్వాత టిక్కెట్లు చింపాను. మోకాలెలా ఉంది?"

"ఉంది."

"నాకిప్పుడు చెయ్యి వణుకుతోంది బావా. కుడిచెయ్యే. కాఫీ తాగితే సగం చొక్కా తాగుతుంది." నవ్వాడు. "ఒకటి అడగాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. ఆ రోజు పాలకొల్లులో నువ్వు..."

నేను ఫోన్ పెట్టేశాను. మా ఊళ్లో సిగ్నల్ సరిగ్గా ఉండదు. అలా అనుకుంటాడు.

కుడిచెయ్యి. నన్ను పట్టుకున్నది ఆ చేత్తో కాదు, ఎడమ చేత్తో. వణికితే అది వణకాలి.

డిసెంబర్ 14

పత్రం అయింది. 'ఆబాలగోపాలం', 'కీర్తి కిరీటం' లాంటి మాటలు ఒక్కటీ లేవు. మొదటి పేరా వాడి ఆట. నిజం రాశాను, పొగడ్త అనిపించినా సరే, ఆట గురించి అబద్ధం చెప్పలేం కదా. రెండో పేరా ఇది:

'ఈ క్రీడాకారుడికి పేరు తెచ్చిన పట్టు ఈ క్రీడాకారుడిది కాదు. అది ఈ ఊరి రేవులో పుట్టింది. దాన్ని కనిపెట్టిన మనిషి ఈ ఊళ్లోనే ఉన్నాడు, పేరు లేకుండా.'

మూడో పేరా:

'ఆ మనిషికి చెయ్యి వదలనని మాటిచ్చి, గెలుపు ముందు నిలబెట్టి వదిలేసినవాడు ఈ వేదిక మీదే ఉన్నాడు.'

పైకి చదివి చూశాను. మూడో పేరా దగ్గర గొంతు బాగా పలుకుతోంది.

డిసెంబర్ 22

యుగంధర్ టీము ఓడిపోయింది. ఆఖరి మ్యాచ్ అయ్యాక వంగి మ్యాట్‌కి దండం పెట్టాడు. రెండు టీములవాళ్లూ భుజాల మీద ఎత్తుకుని తిప్పారు.

నన్ను తలుపు చెక్క మీద మోశారు.

జనవరి 5, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. లేకపోతే రేపటికి ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పుకుంటారు.

గ్రౌండు నిండింది. వీరబ్రహ్మాన్ని ఇద్దరు పట్టుకుని స్టేజీ ఎక్కించారు. సన్నబడిపోయాడు. నా పక్క కుర్చీలో కూర్చుని, "బావా, నీ జుట్టు తెల్లబడ్డా ఒత్తు తగ్గలేదురా" అన్నాడు. నేను జేబులో కాగితం తడుముకున్నాను.

క్రమం ప్రకారం ముందు పత్రం చదవాలి, తర్వాత సన్మానితుడి మాట. యుగంధర్‌కి మధురపూడిలో సాయంత్రం విమానం ఉందట. వంతెన దగ్గర ట్రాఫిక్ అని అచ్చిబాబు క్రమం మార్చేశాడు. ముందు వాడు మాట్లాడాడు.

వాడు మైకు ముందు నిలబడితే నాకు కనిపించింది వాడి కాళ్లే. పదకొండేళ్లు ఆడిన కాళ్లు. రెండు మోకాళ్లూ ఒకేలా ఉన్నాయి.

"నాకు మాట్లాడటం రాదండి" అని మొదలుపెట్టాడు. "కానీ ఒకటి ఇక్కడే చెప్పాలని ఆగానండి. టీవీలో దాన్ని యుగంధర్ లాక్ అంటారు. అది నాది కాదండి. మా నాన్న నేర్పింది. నాన్నది కూడా కాదండి. మా ఇంట్లో దాని పేరు జగ్గన్న పట్టు. ఇదిగో, ఇక్కడ కూర్చున్న జగన్నాథరావు మావయ్యగారిది."

జనం ఈలలు వేశారు. అందరూ నావైపు చూస్తున్నారు. నలభై ఆరేళ్లుగా నేను కోరుకున్న చూపు అది. దాంతో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాను.

అక్కడితో ఆపేస్తే బాగుండేది.

"చిన్నప్పుడు రైల్వే క్వార్టర్స్ వెనక ఇసకలో నాన్న నా చెయ్యి పట్టుకుని నేర్పేవారండి. నేను తొందరపడి వంగితే చెయ్యి వదిలేసేవారు. మొహం ఇసకలో పడేది. లేపి చెప్పేవారు, నొక్కగానే వంగకురా, అవతలివాడు తిరిగి నొక్కేదాకా ఆగు, మా జగ్గన్న అంతటివాడు ఆ ఒక్క క్షణం ఆగలేక మోకాలు పోగొట్టుకున్నాడు అని. నేను ఆ ఒక్క మాట పట్టుకుని పదకొండేళ్లు ఆడానండి. ఈ సీజన్లో ఒక్కసారి మర్చిపోయాను. ఆ ఒక్కసారి మీరందరూ చూశారు. మావయ్యగారి కాలు పోయింది కాబట్టి నా కాళ్లు మిగిలాయండి."

వచ్చి నా కాళ్లకి దండం పెట్టాడు. ఎడమ మోకాలికి తల ఆనించాడు. జనం చప్పట్లు ఆపలేదు. ముందు వరసలో సూర్యకళ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఇంట్లో ఒక్కసారి కూడా నా మోకాలి గురించి ఏడవని మనిషి.

ఊరందరి ముందు నాకు కిరీటం పెట్టి, ఆ కిరీటం మీదే నా తప్పు రాశారు. లేని తప్పు.

తర్వాత నా వంతు. కాగితం తీశాను. మొదటి పేరా చదివాను. రెండోది చదివాను, 'పేరు తెచ్చిన పట్టు ఈ క్రీడాకారుడిది కాదు' అని. చప్పట్లు. 'కనిపెట్టిన మనిషి ఈ ఊళ్లోనే ఉన్నాడు, పేరు లేకుండా.' ఇంకా చప్పట్లు. నా మీద నేనే చమత్కారంగా రాసుకున్నానని అనుకున్నారు. నెలన్నర నూరి పదునుపెట్టిన కత్తితో అందరూ పళ్లు కోసుకుని తింటున్నట్టు ఉంది.

మూడో పేరా దగ్గర ఆగాను. అక్షరాలు కనబడలేదు. అద్దాలు మసకబారాయి, దుమ్ము ఎక్కువ ఆ గ్రౌండులో. అచ్చిబాబు నేను ఉద్వేగంలో ఉన్నాననుకుని మంచినీళ్లు ఇచ్చి, మైకులో "మాస్టారు మాట్లాడలేకపోతున్నారండి" అని ప్రకటించి, ఒక శాలువా నా మీద కూడా కప్పేశాడు. మూడో పేరా చదవలేదు. చదవలేకపోయానని ఎవరైనా అంటే ఒప్పుకోను. చదవలేదు, అంతే.

దిగేటప్పుడు మెట్లు చెక్కవి, ఊగుతున్నాయి. యుగంధర్ అప్పటికే కారెక్కాడు. నేను ముందు దిగి నేల మీద నిలబడ్డాను. పైన వీరబ్రహ్మం పట్టుకుని దించేవాళ్ల కోసం చూసి, ఎవరూ రాక, నాకు చెయ్యి ఇచ్చాడు. ఎడమ చెయ్యి.

పట్టుకున్నాను. ఆ చెయ్యి నొక్కింది.

నొక్కి, కాలు గాల్లో పెట్టి, ఆగాడు. దిగలేదు. నా మొహం చూడటం లేదు, మెట్టు వైపు చూస్తున్నాడు. వెనక జనం "దిగండి తాతగారూ" అంటున్నారు. వాడు కదలడం లేదు. వణికే మనిషి కాలు ఎత్తి ఎంతసేపు ఆగగలడు? అయినా ఆగాడు. నేను తిరిగి నొక్కకపోతే సాయంత్రం దాకా అలాగే ఆగేవాడనుకుంటాను. వాడి మొండితనం నాకు తెలుసు.

వదిలేయొచ్చు. అది కూడా అనిపించింది.

తిరిగి నొక్కాను. జనం చూస్తున్నారు కాబట్టి నొక్కాను.

అప్పుడు దిగాడు. "చూశావా బావా, ఎంత తేలికో" అన్నాడు మెల్లగా. ఎగతాళి లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. జవాబు చెప్పి ఉండేవాడిని.

జనవరి 6

మోకాలు నొప్పి. సూర్యకళ శాలువా మడిచి బీరువాలో పెట్టింది. పొద్దున పాలకొచ్చిన మనిషి కూడా "జగ్గన్న పట్టు అంటే మీరేనాండీ" అన్నాడు. అవునన్నాను.

రైల్వే ఉద్యోగం తీసుకుపోయాడు. పట్టు తీసుకుపోయి కొడుక్కి ఇచ్చాడు. సరే, ఇన్నాళ్లూ నా కోపం ఒకటి నాకు మిగిలి ఉండేది. ఊరందరి ముందు పట్టును నాకు తిరిగిచ్చేసి, ఆ కోపాన్నీ పట్టుకుపోయాడు. ఇలా మంచితనంతో మనిషిని దోచేవాడి గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

మూడో పేరా చింపలేదు. మడిచి జేబులోనే ఉంచాను. పాలకొల్లులో అందరూ ఆట చూశారు, చేతులు ఎవరూ చూడలేదు. ఎవరు నొక్కారో ఎవరు ఆగలేదో ఇప్పుడు ఎవరు చెప్పొచ్చారు? స్టేజీ మీద మైకు ఉన్నంత మాత్రాన నిజం అయిపోదు.

ఆ రోజు చెయ్యి వదిలింది వీరబ్రహ్మం.